తూర్పింట్లో పెట్టిన మూట

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్ముకున్న మనిషి దయ్యాన్ని కూడా నమ్మి తీరాలని ఎక్కడా లేదు. మా అత్తమ్మ ఇదే ఇంట్లో, ముందు గదిలో, నులక మంచం మీదే కన్ను మూసింది. ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఎన్నో మధ్యాహ్నాలు కునుకు తీశాను. ఏ చప్పుడూ వినలేదు, ఏ నీడా చూడలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ కాదు. చనిపోయినవాళ్ళు ఎవరూ ఇందులో లేరు. అందరూ బతికే ఉన్నారు, నాతో సహా. నాకు కోపం వచ్చేది కూడా అక్కడే.

మాది పాతబస్తీ, ఉప్పుగూడ. నా చిన్నప్పుడు మా గల్లీల్లో కర్ఫ్యూలు ఎక్కువ. బడి తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే గుర్తు. విసిగిపోయి మా నాన్న నన్ను బడి మాన్పించి ఇంట్లోనే పలక పట్టించాడు. రాయడం, చదవడం, లెక్కలు అన్నీ వంటింటి గడప మీద కూర్చునే నేర్చుకున్నాను. బడికి పోలేని నా కోసం సరస్వతమ్మ ఇంటికే నడిచి వచ్చిందని నాన్న అనేవాడు. ఆ మాటకు ఇవాళ్టికీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ తల్లికి దండం పెట్టుకుంటాను.

మా ఆయన యాదగిరి కంచన్‌బాగ్‌లో ఒక లోహాల కర్మాగారంలో పనిచేసి పోయిన ఏడే రిటైరయ్యాడు. చాలా ఏళ్ళ కిందట అక్కడికి ఒక పెద్ద మిషన్ వచ్చింది. దాన్ని బిగించడానికి జపాన్ నుంచి మనుషులు వచ్చారు. పని పూర్తయి స్విచ్ వేసే ముందు వాళ్ళు వరుసగా నిలబడి మిషన్‌కు తల వంచి మొక్కారట. మావాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "వాళ్ళు గూడ మనలెక్కనే సుగుణా. ఇనుముకు మొక్కుతరు."

అప్పటినుంచి మా ఇద్దరికీ జపాన్ పిచ్చి పట్టింది. ఆ దేశంలో సరస్వతికి గుళ్ళున్నాయని, ఆమె చేతిలో వీణలాంటి వాయిద్యం ఉంటుందని ఎక్కడో చదివాను. మా ఇంటికి అన్నిసార్లు వచ్చిన తల్లి ఇంటికి నేను ఒక్కసారైనా పోవద్దా అనిపించింది.

పోవడానికి వీలు చిక్కలేదు. మంచాన పడ్డ అత్తమ్మను చూసుకోవడానికి ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉండాల్సిందే. గుట్ట మీది గుడికి ఆయన పోతే నేను ఇంట్లో, నేను పోతే ఆయన ఇంట్లో. పిల్లలు లేరు. పెళ్ళయినప్పటినుంచీ మేమిద్దరం కలిసి రాత్రి బయట ఉన్నది లేదు. దానికి నేను ఎవరినీ ఏమీ అనలేదు. అత్తమ్మ సేవ నాకు దొరికిన పుణ్యమనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

అత్తమ్మ పోయి, ఏడాది కర్మలు ముగిశాక మా ఆయన ఒకరోజు తనంతట తానే అన్నాడు, ఇక పోదామని. పాస్‌పోర్టులు చేయించుకున్నాం. ఆదివారాలు ఇద్దరం ఫోన్ ముందు పెట్టుకుని వీడియోలు చూసేవాళ్ళం. చెప్పులు ఎక్కడ విడవాలి, చాప మీద ఎలా కూర్చోవాలి, టీ గిన్నె రెండు చేతులతో ఎలా పట్టుకోవాలి. మోకాళ్ళ మీద కూర్చోవడం నాకు పూజ దగ్గర అలవాటే. ఆయనే లేవలేక గోడ పట్టుకునేవాడు. క్యోటో ఊళ్ళో పాతకాలం ఇల్లు ఒకటి వెతికాం. చాపల గది, నేల మీదే పరుపులు, ఇంటావిడే టీ కలిపి ఇస్తుంది. అందరూ కలిసి స్నానం చేసే వేడినీళ్ళ చెరువు సంగతి వస్తే మాత్రం వద్దంటే వద్దన్నాను. ఆ భాషలో నేను మొదట నేర్చుకున్న మాట అరిగాతో. అంటే ధన్యవాదాలు. మిగతావి రాకపోయినా నడుస్తుందనిపించింది.

మా ఇంటికి తూర్పున గోడ కలిసిన ఇల్లు షాహీన్ ఆపాది. మా అత్తమ్మకు స్నేహితురాలు, నాకు తల్లిలాంటిది. అక్కడ చేపలు పచ్చివే తింటారట కదా అని ఆమె నన్ను రోజూ ఆట పట్టించేది. "తొక్కు సీసా మర్వకు బిటియా. లేకపోతే ఆకలికి ఆ తెల్ల చాపనే నమిలేస్తవ్."

విమానం సోమవారం. సోమవారం తూర్పు ప్రయాణం కూడదని మాకు పట్టింపు. జపాన్ అంటే తూర్పుకు తూర్పు. టికెట్ మారదు. దీనికి మా పెద్దలు ఒక ఉపాయం పెట్టారు. మంచిరోజు ముందే వస్తే, ఆ రోజున ప్రయాణికుల బట్టలు మూట కట్టి, పోయే దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి వస్తారు. దాన్ని ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు కాలు బయటపెట్టినా దోషం లేదు. గుడి పంతులుగారు గురువారం పొద్దున మంచిదన్నారు.

గురువారం స్నానం చేసి మూట కట్టాను. ఆయన తెల్ల చొక్కా, నా ఆకుపచ్చ గద్వాల చీర, పసుపు కొమ్ము, అక్షింతలు. ఇద్దరిదీ ఒకే మూట. ముడి నేనే వేశాను. మా అమ్మ ముడుపు కట్టేటప్పుడు వేసే ముడి అది, పసుపు కొమ్మును లోపలికి తోసి మడత మీద మడత తిప్పుతారు. తూర్పున ఉన్నది ఆపా ఇల్లే కాబట్టి ఆమె ఇంట్లో పెట్టాను. ఆమె దాన్ని తన పెళ్ళినాటి ఇనుప పెట్టె మీద పెట్టి, పైన ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళ చేతికి నాణెం చుట్టి కట్టే గుడ్డ అది. మనుషులు పోయేనాడు మళ్ళీ కడతాను, ముందు మూటకు కడతాను అంది. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇక మేము బయలుదేరినట్టే.

మరునాడు మా బావ వచ్చాడు.

బావ అంటే మా ఆయన అన్న, నర్సింహ. బహదూర్‌పురాలో ఉంటాడు. అక్క, అంటే ఆయన భార్య, బాత్‌రూంలో జారిపడి కాలు విరిగింది. సిమెంటు కట్టు వేశారు. పాపం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. టీ పెట్టి ఇచ్చాను. టీ సగం తాగి, నా మొహం చూడకుండా మా ఆయనతో అన్నాడు.

"తమ్మీ, మీ వదినెను ఈడికి తీస్కొస్త. సుగుణకు ఎట్లాగు అలవాటే గదా. మంచం గూడ ఉండె."

అలవాటే కదా అన్నాడు. అత్తమ్మ మంచాన ఉన్న అన్ని ఏళ్ళలో ఈయన పండక్కి వచ్చి పళ్ళు పెట్టి పోయిన మనిషి. నర్సును పెట్టుకోవచ్చు కదా అన్నాను. బయటివాళ్ళతో ఆమెకు పడదన్నాడు. మేము వచ్చేదాకా ఒక వారం మీరే చూసుకోండి అన్నాను. మగమనిషిని, నాకేమి చాతనైతది అన్నాడు. మా ఆయనను ఫ్యాక్టరీలో పెట్టించింది బావే. ఆ ఒక్క సాయానికి ఈయన జన్మంతా తల వంచాడు. ఆ రోజు కూడా వంచాడు.

రాత్రి భోజనం దగ్గర మెల్లగా అన్నాడు, ఇద్దరివీ ఎందుకు పాడు చేసుకోవడం, నేనొక్కడినే చూసి వస్తాను, మళ్ళోసారి ఇద్దరం పోదామని. నేను కంచం ముందునుంచి లేచాను. అన్నం మీద అలిగి లేవడం నా జన్మలో అదే మొదలు.

బావకు ఇంకో భయం పట్టుకుంది. ఇంట్లో ఉండే మనిషి బట్ట ప్రస్థానంలో ఉండకూడదట, ఉంటే ఇంటికి అరిష్టమట. నా చీర తీసేసి మళ్ళీ కట్టమన్నాడు. నేను కదలలేదు. తానే ఆపా ఇంటికి పోయి మూట అడిగాడు. ఆమె గుమ్మంలో నిలబడి చెప్పిన జవాబు ప్రహరీగోడ ఇవతల నాకు విన్పించింది.

"అమానత్ పెట్టింది సుగుణ. సుగుణ అచ్చి అడిగితే ఇస్త. మీరెవరు భాయ్?"

నమ్మి దాచమని అప్పగించినదాన్ని ఆమె అమానత్ అంటుంది. నేను పోయి అడగలేదు. నేను పోకపోతే నా చీరైనా పోనీ అనుకున్నాను. అందులో తప్పుందని ఇప్పటికీ అనుకోను.

సోమవారం ఆపానే మూట తెచ్చి నా చేతికి ఇచ్చింది, ఆయన దాన్ని విప్పకుండా అలాగే సంచిలో పెట్టుకుని పోయాడు. నేను ఎదురు వచ్చాను, పెరుగు చెంచా నోట్లో పెట్టాను, పోయి రండి అన్నాను. మొహం మాత్రం చూడలేదు. అక్క అప్పటికే ముందు గదిలో, అత్తమ్మ మంచం మీద ఉంది.

ఇక జరిగింది చెబుతాను. నేను చూసింది నేను చూసినట్టు, ఇతరులు చెప్పింది ఇతరులు చెప్పినట్టు.

మా ఇల్లు రైలు పెట్టెలాంటిది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, వెనక చిన్న వాకిలి. వెనక తలుపు దాటితే చుట్టూ ఎత్తు గోడ. బయటికి పోవాలంటే ముందు గదిలో మంచం పక్కనుంచే పోవాలి.

ఆయన క్యోటో చేరిన మరునాడు, మధ్యాహ్నం. అన్నం వార్చి పక్కన పెట్టి, కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతున్నాను. కోపంతో ఉన్నాను. రోజూ పని చేసుకుంటూ ఆ దేవుడు ఇచ్చినవి ఒక్కొక్కటే తలచుకుని దండం పెట్టుకోవడం నా అలవాటు. ఆ రోజు ఒక్కటీ నోటికి రాలేదు. ఈపాటికి టీ తాగుతూ ఉండాలి నేను, అక్కడ కూర్చుని ఉండాలి నేను అని అదే మాట మనసులో తిరుగుతోంది. కాయ తరిగాను. ఇంకో కాయ తీసుకున్నాను. లేచి కంచంలో అన్నం పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. నాకు తెలిసి జరిగింది ఇంతే.

ముందు గదిలోకి అడుగు పెట్టేసరికి అక్క ఏడుస్తోంది. మంచం తడిసిపోయి ఉంది. బావ గది మధ్యలో నిలబడి ఉన్నాడు, ఆయన ఎప్పుడు వచ్చాడో నాకు తెలియదు. నన్ను చూసి ముందు బెదిరాడు, తర్వాత అరిచాడు. "యాడికి పోయినవే ఇంతసేపు? ఆడమనిషిని గిట్ల ఇడిసిపెట్టి పోతరా?"

వంటింట్లోనే ఉన్నానన్నాను. అబద్ధమన్నాడు. అక్క ఎంతసేపు పిలిచినా పలకలేదట. ఆమె ఫోన్ చేస్తే బహదూర్‌పురా నుంచి వచ్చాడట. వంటింట్లో చూశాడట. కత్తిపీట ఉంది, సగం తరిగిన కాయ ఉంది, మనిషి లేదు. వెనక తలుపుకు లోపలినుంచే గడియ. ఆపా ఇంట్లో అడిగి వచ్చాడట.

వాళ్ళిద్దరూ నన్ను ఏడిపించడానికి కూడబలుక్కున్నారనుకున్నాను. జీవితంలో మొదటిసారి బావ మీద గొంతు లేపాను. మీ అమ్మను చూశాను, మీ పెళ్ళాన్ని చూస్తున్నాను, ఇంకా ఈ నింద కూడా అంటగట్టండి అన్నాను. కోపంతో చేతిలో కంచం కింద పెట్టబోయి అన్నం తాకాను. చల్లగా ఉంది. గట్టిపడి ఉంది. అది నేను అప్పుడే వార్చిన అన్నం.

అక్క బట్టలు మారుస్తుండగా ఫోన్ మోగింది. మా ఆయన.

"సుగుణా, నువ్వు యాడున్నవ్?"

"యాడుంట? మీ వదినె పక్కబట్టలు మారుస్తున్న."

ఆయన మళ్ళీ అడిగాడు, "నిజంగ ఇంట్లనే ఉన్నవా?"

ఆయన చెప్పింది ఇది. గది ఇద్దరి పేరు మీద తీసుకున్నదే కాబట్టి రెండు పరుపులు వేస్తే, రెండు టీ గిన్నెలు పెడితే ఆయన వింతపడలేదు. ఒక్కడినే వచ్చానని సైగ చేశాడట. ఇంటావిడ, ముసలామె, నవ్వి ఊరుకుందట. టీ కలిపి ఒక గిన్నె ఆయన ముందు, ఇంకోటి పక్కనున్న ఖాళీ మెత్త ముందు పెట్టిందట. కాసేపటికి ఆమె మొహం మారిపోయిందట. ఫోన్‌లో తన మాట తెలుగులోకి మార్చి చూపించింది. మా ఆయన దాన్ని ఫోటో తీసి నాకు పంపాడు, ఇంకా నా దగ్గర ఉంది. మా వల్ల ఏమి లోపం జరిగింది, ఆకుపచ్చ బట్టల అమ్మగారు టీ ముట్టలేదు, చాలా కోపంగా ఉన్నారు అని ఉంది.

ఆ మాట చూపించి ఆ ముసలామె ఖాళీ మెత్త వైపు తిరిగి, నుదురు చాపకు తాకేలా వంగి క్షమించమని అడిగిందట.

నా చీర సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూట ఆయన సంచిలో, సంచి అలమారలో ఉంది. తీసి చూశాడట, ముడి ముడిలాగే ఉంది.

ఆయన తిరిగి వచ్చిన రోజు తప్పు చేసి వచ్చిన పిల్లాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. నేను నీళ్ళు ఇచ్చి మూట అడిగాను. ఆపాను కూడా పిలిచాను, సాక్షి ఉండాలని. ఇమామ్ జామిన్ ఆమె విప్పింది, తాను కట్టినట్టే ఉందని చెప్పింది. ముడి నేను విప్పాను, అది నా ముడే. ఆయన చొక్కా పొడిగా, ఇస్త్రీ చెదరకుండా ఉంది. దాని మీదే ఉన్న నా చీర మాత్రం కుచ్చిళ్ళ దగ్గర నలిగి ఉంది, కట్టి విడిచిన చీరలాగా. అంచు చెమ్మగా ఉంది. ఎండిన గడ్డి వాసన, కొత్త చాప వాసన. ఆయన ఒకసారి వాసన చూసి కింద కూర్చుండిపోయాడు. ఆ గది వాసనే అన్నాడు.

ఆపా చీర అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, తల కప్పుకుని ఏదో చదువుకుంది. పోతూ పోతూ మా ఆయనతో ఒక్క మాట అంది. "భార్యను ఇంట్ల పెట్టి పోయిన్రు, ఆమె కోపాన్ని ఎంట తీస్కపోయిన్రు. అచ్చా హువా, మంచిగైంది, దాన్ని ఇంక ఏడిపించకుండ అచ్చిన్రు."

అలసటకు కూర్చున్నచోటే నిద్ర పట్టి ఉంటుందని డాక్టరమ్మ అంది. నిద్రపోతే బావ కళ్ళకు కనబడకుండా పోతానా? ముసలావిడ చూపు మందగించి ఉంటుందని మా ఆయన తనకు తాను చెప్పుకుంటున్నాడు. మందగించిన చూపుకు చీర రంగు ఎలా తెలిసింది? పంతులుగారు ప్రస్థానం పెట్టాక ఇంట్లో ఉండకూడదు తల్లీ అన్నారు, అంతకుమించి చెప్పలేదు. అక్క కాలు బాగై వాళ్ళింటికి పోయింది. బావ ఇప్పటికీ నేను గోడ దూకి ఎక్కడికో పోయానని అందరికీ చెబుతున్నాడు. ఈ వయసులో, ఆ ఎత్తు గోడ.

భయం నాకు ఆ రోజూ లేదు, ఇవాళా లేదు. ఉన్నది కోపమే. అక్కడ కూర్చున్నది నేనే అయితే ఆ గది నాకెందుకు గుర్తు లేదు? ఆ చాప, ఆ గిన్నె వేడి, ఒక్కటైనా నాకు మిగలలేదెందుకు? అంత పెద్దావిడ నా ముందు నుదురు నేలకు ఆనిస్తే లేవదీసి అరిగాతో అని ఒక్క మాట అనలేనిదాన్నా నేను? కూర్చున్నది నేను కాకపోతే, నా చీర కట్టుకుని, నా మొగుడి పక్కన, నా చోట కూర్చున్నది ఎవరు? ఏ జవాబు తీసుకున్నా నాకు అన్యాయమే జరిగింది. దేవుడు ఇచ్చిన వాటన్నిటికీ దండం పెట్టుకుంటాను. ఆ మధ్యాహ్నానికి మాత్రం పెట్టలేదు.

మళ్ళీ టికెట్లు తీసుకున్నాం, ఇద్దరికీ, ఆ ఇంటికే. ఈసారి మా ఆయన బావకు ఫోన్ చేసి, మేమిద్దరం పోతున్నామని చెప్పి, జవాబు వినకుండా పెట్టేశాడు. అంతవరకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. విమానం శనివారం పడింది. శనివారం కూడా తూర్పుకు కూడదు. ప్రస్థానానికి మంచిరోజు చూడమంటారా అని పంతులుగారు కబురు పెట్టారు.

వద్దని చెప్పాను. ఆకుపచ్చ చీర ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉంచాను. దాన్ని ఈసారి మూట కట్టను, ఒంటికి కట్టుకుంటాను. నాకంటే ముందు దాన్ని ఈ గడప దాటనివ్వను.